ఎడమకు వాలిన గీతలు

రాహేలమ్మ చేసిన ఆఖరు పని పెన్సిల్ చెక్కడం.

అది 1964 ఏప్రిల్. వికారాబాదు స్టేషన్ రోడ్డులో, ముందు గది స్టూడియోగా, వెనక గది ఇల్లుగా ఉన్న పెంకుటింట్లో, కిటికీ కింద నులకమంచం వేసి ఉంది. ఆమె గోడకు ఒరిగి, ఒళ్లో పాత పత్రిక పరుచుకుని, ఎడమచేత బ్లేడు పట్టుకుని కూర్చుంది. ముందు కట్టెను అంగుళం మేర ఒలవాలి. బయటపడ్డ నల్లటి ములికిని గరుకు కాగితం మీద తిప్పుతూ తిప్పుతూ కుట్టుసూదంత సన్నగా తేవాలి. పదిహేనేళ్లుగా రోజూ చేసిన పనే. రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం పాసింజరు వచ్చే వేళకు మొదలుపెట్టి, సాయంత్రం పాసింజరు వెళ్లేదాకా చెక్కుతూనే ఉంది.

మధ్యాహ్నం పాసింజరులోనే చెల్లెలు మొగులమ్మ తాండూరు నుంచి వచ్చింది. చంకలో నెల దాటిన ఆడపిల్ల. ‘అక్కకు పానం బాగలేదు, జర వచ్చిపో’ అని బావ మత్తయ్య రాసిన కార్డు ముందురోజే అందింది. జ్వరమేదో తగిలి ఉంటుందనుకుంది. గడప దాటి మంచం వైపు చూసినప్పుడు, అక్కడ ఉన్నది వేరెవరో అనిపించింది. దవడ ఎముకల మీద తోలు తప్ప మరేమీ లేదు. కళ్లు మాత్రం అక్కవి.

“గట్ల నిలవడ్డవేంది, కూసో,” అంది రాహేలమ్మ. “బిడ్డను ఇటు తే. మొకం చూడనీ.”

మొగులమ్మ పిల్లను అక్క ఒళ్లో పెట్టింది. రాహేలమ్మ ఆ చిన్న ముఖాన్ని రెండు వేళ్లతో పట్టి వెలుతురు వైపు తిప్పింది.

“నుదురు మనమ్మది. ముక్కు మీ ఇంటాయనది, పాపం. అయినా గీ మొకానికి నా పెన్సిల్ పనిలేదు.”

జబ్బులో ఉన్నవాళ్ల ముందు భయం చూపించకూడదని మొగులమ్మ నవ్వింది. “ఏంగాదక్కా. నాలుగు రోజులల్ల లేస్తవ్,” అంది.

రాహేలమ్మ పిల్లను తిరిగి చెల్లెలి చేతికిచ్చింది. కాసేపటికి పెన్సిల్ వైపే చూస్తూ అడిగింది.

“క్రిస్మస్‌కు పంపిన ఫోటో ముట్టిందా?”

“ముట్టింది. అద్దం కట్టించి గోడకేసిన.”

“మంచిగ చూసినవా?”

“చూడకేం. రోజు చూస్త.”

“చూసి?”

“చూసి ఏంది? మస్తుగొచ్చింది. పురుడయినంక నిమ్మలంగ వద్దామనుకున్న.”

రాహేలమ్మ చెల్లెలి ముఖంలోకి చాలాసేపు చూసింది. “సరే తియ్,” అని మళ్లీ గరుకు కాగితం అందుకుంది. గడపలో నిలబడి ఉన్న మత్తయ్య బిందె తీసుకుని బావి దగ్గరికి వెళ్లాడు. బిందె నిండుగానే ఉంది. ఆ సంగతి మొగులమ్మ చూసింది కానీ, మనసులో పెట్టుకోలేదు.

తెల్లవారేసరికి రాహేలమ్మ లేదు. చెక్కిన పెన్సిల్ సిగరెట్ డబ్బాలో తక్కిన వాటి పక్కన ఉంది. దాంతో ఆమె ఒక్క గీతా గీయలేదు.

*

అక్కాచెల్లెళ్లది కుల్కచర్ల పక్కన చిన్న పల్లె. తండ్రి హన్మయ్య కూలి చేసి బతికినవాడు. పెద్దదాన్ని మిషన్ బోర్డింగులో చేర్చినప్పుడు పాదిరిగారు రాహేలు అని పేరు పెట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత పుట్టిన చిన్నదానికి నాయనమ్మ పట్టుబట్టి తన పేరే పెట్టించుకుంది. బోర్డింగులో రాహేలుకు చదువు బాగానే అబ్బింది గానీ ఎడమచేతి వాటం పోలేదు. పంతులమ్మ బెత్తంతో చూసింది, చెయ్యి వెనక్కి కట్టించి చూసింది. చివరికి ఎలాగో రాజీ కుదిరింది. అక్షరాలు కుడిచేత్తో రాసేది. అన్నం తినడం తప్ప మిగతా పనులన్నీ ఎడమచేత్తో చేసేది.

ఆమెను పెళ్లాడిన మత్తయ్య మాటకారి. మిషన్ దొరసాని పల్లెలు తిరిగి ఫోటోలు తీస్తుంటే ఆమె పెట్టెలు మోసినవాడు. ఆ మోయడంలోనే కొంత పని పట్టాడు. 1948 చివర్లో, తాండూరు బజారులో స్టూడియో నడిపిన ముసలి ఉస్తాదు కళ్లు ఆనక దుకాణం ఎత్తేస్తున్నాడని తెలిసి, పరుగున వెళ్లి సామానంతా తెచ్చుకున్నాడు. టేకుకట్టె కెమెరా, దాని మూడు కాళ్ల స్టాండు, తల దూర్చుకునే నల్లగుడ్డ, ఎక్కడికీ పోని మెట్లూ ఒక పూలకుండీ గీసిన పరదా. వీటితోపాటు ఒక ఏటవాలు బల్ల. దాని నడుమ చదరంగా కోసి గరుకు అద్దం బిగించారు. కింద ఒక మామూలు అద్దం కిటికీ వెలుతురును పట్టి పైకి విసిరేది. ఫోటో తీసిన గాజు ప్లేటును ఆ గరుకు అద్దం మీద పెట్టి, పెన్సిల్‌తో ముఖాన్ని సవరించడానికి ఆ బల్ల. ఆ పనిని అందరూ టచింగు అనేవారు.

ప్లేటు మీద అంతా తలకిందుల లెక్క. నల్లటి జుట్టు తెల్లగా, తెల్లటి ధోవతి నల్లగా కనిపిస్తుంది. ప్లేటు మీద పెన్సిల్ నలుపు పడ్డచోట కాగితం మీద తెలుపు వస్తుంది. కాబట్టి కంటి కింది గుంట మీద సన్నగా గీతలు నింపితే గుంట పూడుతుంది. మొటిమ పోతుంది, ముడత పోతుంది. ముందు ప్లేటుకు గుగ్గిలం కరిగించిన టర్పెంటైన్ పూయాలి, లేకపోతే పెన్సిల్ అంటదు. ఆ తర్వాత గీతలు వెంట్రుకలకన్నా సన్నగా, ఒకదాని పక్కన ఒకటి పడాలి. బరువుపడిందా, అచ్చులో మచ్చ.

మత్తయ్య చెయ్యి బరువు. మొదటి నెలలోనే ఒక శావుకారు ముక్కు పక్కన మచ్చ తీయబోయి, అచ్చులో ముక్కంతా తెల్లగా తేల్చాడు.

“గిదేంది మత్తయ్యా? నా ముక్కుకు సున్నమేసినవా?” అన్నాడు శావుకారు.

“పండగొస్తుంది గద సేఠ్,” అన్నాడు మత్తయ్య. శావుకారు నవ్వాడు గానీ ఫోటో తీసుకోలేదు.

పని నేర్పడానికి పదిహేను రోజులు వచ్చి ఉన్న ఉస్తాదు ఆ సాయంత్రం బల్ల ముందు రాహేలమ్మను కూర్చోబెట్టాడు. ఆమె అలవాటుగా ఎడమచేత్తో పెన్సిల్ తీసుకుని, గుర్తొచ్చి, కుడిచేతికి మార్చుకుంది.

“ఎందుకు మారుస్తవ్ బేటీ? పెన్సిల్‌కు కుడి ఎడమ ఏమెర్క?” అన్నాడు ముసలాయన.

ఆ ప్లేటు పని ముగిశాక ఆయన దాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టి, కిటికీ వైపు ఏటవాలుగా తిప్పాడు. అలా తిప్పితే పెన్సిల్ పడ్డచోటు వెండిలా మెరుస్తుంది, ప్రతి గీతా విడిగా కనిపిస్తుంది. ముసలాయన నవ్వాడు.

“అందరి గీతలు కుడికి వాల్తయ్. నావి గట్లనే, నీ మొగనివి గట్లనే. నీవి ఎడమకు వాలినయ్. వెయ్యి ప్లేట్లల్ల కలిపేసినా నీది దొరుకుతది. సంతకం జేసే పనిలేదు నీకు.”

తన ఎడమచేతిని ఒకరు మెచ్చుకోవడం రాహేలమ్మకు అదే మొదలు. ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పుకుందో మొగులమ్మకు లెక్కలేదు. టీచరు ట్రైనింగు సెలవుల్లో మొగులమ్మ వచ్చినప్పుడల్లా అక్క ఒక ప్లేటు చేతికిచ్చి, “చూడు మొగులూ, ఎటు వాలినయ్?” అని అడిగేది. ఇద్దరూ కిటికీ దగ్గర ప్లేట్లు వంచి చూసుకుంటూ కూర్చునేవారు. మత్తయ్య ముందు గదిలోంచి “ఫోటోలు చూస్తున్నరా, పేలు చూస్తున్నరా?” అని అరిచేవాడు.

*

అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానకు నెలకొక ఆదివారం మత్తయ్య కెమెరా వేసుకుని వెళ్లేవాడు. ఏడాదీ రెండేళ్లూ అక్కడ మంచం మీద ఉన్నవాళ్లు ఇంటికి ఒక ఫోటో పంపాలనుకుంటారు. మత్తయ్య వెంట ఒక నల్లకోటు తీసుకువెళ్లేవాడు. ఒకరి తర్వాత ఒకరు అదే కోటు తొడుక్కుని చెట్టు కింద కుర్చీలో కూర్చునేవారు. దానికి పై నుంచి రెండో గుండీ లేదు. ఎముకలను కోటు దాచేది. ముఖం సంగతి రాహేలమ్మ చూసుకునేది.

“జర అక్కను బుగ్గలు వెట్టుమను,” అని చెప్పి పంపేవారు అందరూ. బుగ్గలు పెట్టడం. ఆ దవాఖానలో రాహేలమ్మను కళ్లతో చూసినవాళ్లు తక్కువ. బుగ్గలు పెట్టే అక్కగా ఎరగనివాళ్లు లేరు. తిరిగొచ్చిన కోటును వేడినీళ్లలో ముంచి, రెండు రోజులు ఎండలో ఆరేసి, ఆమె బల్ల ముందు కూర్చునేది. మంచి పని అనే అనుకునేది. ఎక్కడో ఒక ఇంట్లో ఒక తల్లి ఒక పూట కడుపునిండా తింటుంది కదా అనేది.

1953 చలికాలంలో మల్లప్ప అనే పంతొమ్మిదేళ్లవాడి ప్లేటు వచ్చింది. బొంరాస్‌పేట దగ్గర గొర్లు కాసే కుటుంబం. తండ్రి లేడు, తల్లి బీరమ్మ ఉంది. “మా అవ్వ ఏడ్వకుండ దిద్దుమను,” అని మత్తయ్యతో చెప్పాడట. రాహేలమ్మ రెండు రోజులు ఆ ప్లేటు మీదే వంగి ఉంది. నెల్లాళ్ల సెలవులకు వచ్చిన మొగులమ్మ ఆ పని మొదటినుంచీ చూసింది. మొదటి అచ్చు కాగితం తడారకముందే ముగ్గురూ దాని చుట్టూ చేరారు. కంటి కింద వెలుగు, నిండు చెంపలు, పెదవి పక్కన కాస్త పొగరు. అక్క చేసిన వాటిలో అంత మంచి పని లేదని మొగులమ్మ ఇప్పటికీ అంటుంది.

ఫోటో ఊరికి వెళ్లిన పదిహేను రోజులకు స్టూడియో ముందు ఒక ముసలామె వచ్చి నిలబడింది. భుజాన గొంగడి, చేతిలో నెయ్యి చెంబు. వెనక ఆమె తమ్ముడు ఈరయ్య, అతని వెనక మల్లప్ప. నాలుగు మెట్లు ఎక్కి వచ్చినందుకే కుర్రవాడు గోడ పట్టుకుని దగ్గుతున్నాడు.

“మొకానికి మందు రాసినట్టు ఫోటో దీసిన బిడ్డెవరు? నువ్వేనా?” అంది బీరమ్మ. చెంబు రాహేలమ్మ చేతిలో పెట్టింది. “నీ ఫోటో వట్టే నాకు తెల్సింది తల్లీ. లేకుంటె నా కొడుకును గా గుట్ట మీదనే చంపుదురు.”

“ఏమైందవ్వా?”

“ఏమైందేంది? పదిహేను దినాల కింద పోరడు గిట్లున్నడు.” బీరమ్మ ఒడిలోంచి ఫోటో తీసి చూపించింది. “గిప్పుడు చూడు వాన్ని. బాగైనోన్ని పండవెట్టి, సూదులు గుచ్చి, కూడు సరిగ వెట్టక పదిహేను దినాలల్ల గిట్ల జేసిన్రు. డాక్టరు వద్దు వద్దనవట్టె. నేనింటనా? తోలుకొచ్చిన.”

రాహేలమ్మ ఫోటోలోని చెంప మీద వేలు పెట్టింది. “అవ్వా, అప్పుడు గూడ గిట్లనే ఉండె. గా బుగ్గలు నేను వెట్టిన. పెన్సిల్ తోటి,” అంది.

బీరమ్మ ఈరయ్య వైపు తిరిగి నవ్వింది. “ఇనవడ్డదా? పెన్సిల్ తోటి బుగ్గలొస్తయంట.” మళ్లీ రాహేలమ్మతో అంది: “మొకం మీద గీస్తే గీత కానరాదా బిడ్డా? నాకు సదువు రాదు గని కండ్లున్నయ్.”

మల్లప్ప ఏదో చెప్పబోయాడు. దగ్గు అడ్డం పడింది. “గొర్ల బొచ్చు కత్తిరించే దినాలు, బస్సు వోతది, నడువుండ్రి,” అన్నాడు ఈరయ్య. ముగ్గురూ వెళ్లిపోయారు. నెయ్యి చెంబు రాహేలమ్మ చేతిలోనే ఉంది.

ఆ చెంబు కింద పెట్టి ఆమె చేసిన మొదటి పని మల్లప్ప ప్లేటు వెతికి తీయడం. దూదిని టర్పెంటైన్‌లో ముంచి ప్లేటును తుడిచింది. రెండు రోజుల పని రెండు నిమిషాల్లో దూదికి అంటుకుని వచ్చేసింది. ఉన్న ముఖాన్ని ఉన్నట్టుగా అచ్చు వేసింది. కాగితం మీద లెక్కగా వెలుతురు పడేలా కిటికీ తలుపు తెరిచి మూయడానికి మొగులమ్మను నిలబెట్టుకుంది. మందునీళ్లలో ఆ ముఖం తేలి వస్తుంటే మొగులమ్మ చూడలేక తల తిప్పుకుంది.

“పొద్దుగాల పోదాం,” అంది రాహేలమ్మ.

“నువ్వు వోతే కట్టెలు దీస్తరు,” అన్నాడు మత్తయ్య. “నేను వోత.”

“నువ్వు వోయి ఏం జేస్తవ్? పండగొస్తుందని చెప్తవా?”

పరిగి దాకా బస్సు, అక్కణ్నుంచి ఎవరిదో ఎడ్లబండి. బీరమ్మ ఇంటి ముందు గొర్లు కట్టి ఉన్నాయి, ఈరయ్య కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. మల్లప్ప లోపల దగ్గుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది. రాహేలమ్మ బీరమ్మ దగ్గరున్న ఫోటో అడిగి తీసుకుని, అరుగు మీద రెండూ పక్కపక్కన పెట్టింది.

“ఇదెప్పటిదే? నిన్న దీసినవా?” అంది బీరమ్మ, రెండోదాన్ని చూసి.

“కాదవ్వా. రెండు ఒక్కటే. ఇగో కోటు చూడు. రెండో గుండీ దీంట్ల లేదు, దాంట్ల లేదు.”

“అదే కోటు మల్ల తొడిగిన్రు.”

“భుజం మీద చూడు. ఆకు.”

ఫోటో తీసిన చెట్టు నుంచి ఒక ఎండుటాకు రాలి మల్లప్ప ఎడమభుజం మీద నిలిచింది. ఎవరూ తీసేయలేదు. రెండు ఫోటోల్లోనూ అదే ఆకు, అదే చోట, అదే చినుగు. బీరమ్మ ఒక వేలు ఈ ఆకు మీద, ఒక వేలు ఆ ఆకు మీద పెట్టింది. వేళ్లు తీయకుండానే అడిగింది.

“అంటే గప్పటికే గిట్లున్నడా?”

“గిట్లనే ఉండె.”

“గింత మోసం జేసి, మల్ల చెప్పనీకొచ్చినవా?” అన్నాడు ఈరయ్య, కత్తెర కింద పెట్టకుండానే.

“వచ్చిన,” అంది రాహేలమ్మ. “తిట్టేది నన్ను తిట్టుండ్రి. రేపు గుట్టకు తోలుకపోండ్రి.”

బీరమ్మ తిట్టలేదు. రేపటి దాకా ఆగనూ లేదు. కత్తిరింపు సగంలో ఉన్న గొర్రెను అలాగే వదిలేయమని తమ్ముడికి చెప్పి, ఆ పూటే బండి కట్టించింది. తిరుగుదారంతా మల్లప్ప ఒక పక్క, అక్కాచెల్లెళ్లు ఒక పక్క. బీరమ్మ ఒళ్లో ఆ రెండో ఫోటో. మొదటిదాన్ని ఏం చేసిందో మొగులమ్మకు గుర్తులేదు.

మల్లప్ప బతికాడు. ఏడాదిన్నర పట్టింది. 1955లో గుట్ట దిగి నేరుగా స్టూడియోకి వచ్చి, పూలకుండీ పరదా ముందు కూర్చుని, “ఇవి నా బుగ్గలు. అక్కను ముట్టుకోవద్దను,” అన్నాడు. రాహేలమ్మ లోపలినుంచి విని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఆ తర్వాత ఆమె టచింగు మానలేదు. పెళ్లికూతుళ్ల మొటిమలు తీసింది, శావుకార్ల ముడతలు తీసింది. గుట్ట మీది ప్లేట్లు మాత్రం ముట్టలేదు. వాటిని మత్తయ్యనూ ముట్టనివ్వలేదు. బుగ్గలు పెట్టాల్సిందేనని ఎవరైనా పోరితే ఒకటే చెప్పేది.

“రోగమున్న మొకం మీద నేను పెన్సిల్ వెట్ట. చూసెటోళ్లు చూసి రావాలె గద. గా అవ్వ చూసింది, గా పూటనే లేసొచ్చింది.”

*

మొగులమ్మ 1957లో పెళ్లయి తాండూరు వెళ్లింది. బడిలో టీచరు పని. భర్త ఏసుదాసు బండల పాలిష్ కార్ఖానాలో పనిచేసేవాడు. పెళ్లినాడు చెల్లెలి కోసం అక్క పెట్టుకున్న నియమం ఒకటే. ప్రతి క్రిస్మస్‌కు తానూ మత్తయ్యా పరదా ముందు కూర్చుని ఒక ఫోటో తీయించుకోవాలి, తాండూరుకు పంపాలి. ప్లేట్లు దొరకడం తగ్గి, చిన్న కెమెరాల చుట్టల ఫిల్ములు వచ్చాక కూడా, ఆ ఒక్క ఫోటో కోసం గాజు ప్లేటు దాచి ఉంచేది. ఉత్తరం రాసేది మత్తయ్య. రాహేలమ్మకు ఉత్తరాలంటే నమ్మకం లేదు. “అందరు క్షేమమనే రాస్తరు,” అనేది.

1963 క్రిస్మస్‌కు మొగులమ్మకు ఏడో నెల. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. మంచం దిగవద్దని నర్సమ్మ చెప్పింది. ఏసుదాసు రోజూ కార్ఖానా నుంచి వచ్చేసరికి రాతిపొడి తెల్లగా పట్టిన చేతులతోనే పొయ్యి అంటించేవాడు. ఆ నెలలో ఫోటో వచ్చింది. బావ పక్కన అక్క, ఎప్పటి నల్లంచు చీరలో. ముఖం నిండుగా ఉంది. చెంపలు కాస్త మరీ తెల్లగా ఉన్నాయేమో అనిపించింది కూడా. వెలుతురు ఎక్కువైందేమో అనుకుంది. వెంట మత్తయ్య ఉత్తరం: ‘ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ప్రయాణం పెట్టుకోకు. పండంటి బిడ్డను ఎత్తుకుని రా.’

నిజానికి దసరా నుంచీ రాహేలమ్మ కడుపులో గడ్డ పెరుగుతోందట. అది మొగులమ్మకు అంత్యక్రియలనాడు ఇరుగుపొరుగు చెబితే తెలిసింది. తాండూరు నుంచి వికారాబాదుకు పాసింజరులో గంటకు పైచిలుకు ప్రయాణం. ఆ నాలుగు నెలలూ గోడ మీది ఫోటోను చూస్తూ, అక్క చల్లగా ఉందని తాను నిశ్చింతగా పడుకుంది. ఈ సంగతి తలుచుకుని ఆమె తనను తాను తిట్టుకుంది. అక్కనూ తిట్టుకుంది. పెన్సిల్ పెట్టనని అందరికీ చెప్పిన మనిషి తన ముఖానికి తానే పెట్టుకుని పంపిందని, చెల్లెలి దగ్గర కూడా దాచిందని అనుకుంది. మూడేళ్లు అలాగే అనుకుంది. కోపం కూడా ఒక రకంగా ఆసరాగా ఉండేది.

*

1967లో మత్తయ్య స్టూడియో ఎత్తేశాడు. కరెంటు దీపాలతో ఫోటోలు తీసే కొత్త స్టూడియో బజారులో వచ్చింది. పల్లెలకు చిన్న కెమెరాలు పట్టుకు తిరిగేవాళ్లు వచ్చారు. ఆయన కళ్లూ మసకబారాయి. సామాను సర్దడానికి మొగులమ్మ కూతుర్ని తీసుకుని వచ్చింది.

పాత ప్లేట్ల గాజును ఫోటోలకు అద్దాలు కట్టేవాళ్లు తీసుకుపోతారు. కానీ ముందు పైపూత పోవాలి. మత్తయ్య బావి దగ్గర తాండూరు బండల తొట్టిలో వేడినీళ్లు పోసి, పదిహేనేళ్ల ముఖాలను ఒక్కొక్కటిగా నానబెట్టి, వేళ్లతో రుద్ది కడుగుతున్నాడు. పెళ్లికొడుకులు, శావుకార్లు, నల్లకోటులో కూర్చున్న రోగులు నల్లటి పొరలై నీళ్లలో తేలుతున్నారు. మొగులమ్మ కూతురు ఆ పొరలను పుల్లతో కదిలిస్తూ ఆడుకుంటోంది.

“గా చెక్కడబ్బా ముట్టలే,” అన్నాడు మత్తయ్య, తలెత్తకుండా. “మీయక్క ప్లేట్లు. కడగనీకి చెయ్యి రాలే. నువ్వే తీస్కపో.”

“నువ్వుంచుకోరాదు బావా?”

“నాకేం కానొస్తది గిప్పుడు? నువ్వు తీస్కపో.”

మొగులమ్మ చెక్కడబ్బా తెచ్చి కిటికీ దగ్గర ఏటవాలు బల్ల మీద పెట్టింది. ఒక్కో ప్లేటు ఒక్కో కాగితపు సంచిలో ఉంది. సంచి మీద సంవత్సరం, పెన్సిల్‌తో. 1957, 1958, 1959. అన్నిటి మీదా అక్క కుడిచేతి అక్షరాలు, బోర్డింగు నాటి గుండ్రటి రాత. ఒక ప్లేటు తీసి, చిన్నప్పటి అలవాటుగా వంచి చూసింది. మత్తయ్య గడ్డం కింద ఒక చిన్న మచ్చ దగ్గర మాత్రం నాలుగు గీతలు మెరిశాయి. ఎడమకు వాలి ఉన్నాయి. అంత దుఃఖంలోనూ ఆమెకు నవ్వు వచ్చింది.

చివరి సంచి 1963ది. సంవత్సరం కింద అదే గుండ్రటి రాతలో, తక్కిన వాటి మీద లేని రెండు ముక్కలు ఉన్నాయి: ‘టచింగు వద్దు. మొగులు చూడాలె.’

మొగులమ్మ ఆ సంచిని పట్టుకుని కొంతసేపు కూర్చుంది. బయట తొట్టిలో నీళ్లు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. ప్లేటు బయటికి తీసింది. కిటికీ వైపు వంచి పట్టుకుంది. అక్క రెండు చెంపల మీదా పెన్సిల్ మెరిసింది. గీతలు బరువుగా పడి, మందంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అన్నీ కుడికి వాలి ఉన్నాయి.